ఒంగోలు, నెల్లూరు నుంచి బెలుం గుహలకు వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఆ ముప్పై ఏళ్లలో బడి పిల్లలతో, చుట్టాలతో, ఒకసారి ఒంటరిగా బెలుం వెళ్లివచ్చాను. దసరా, సంక్రాంతి సెలవులు దగ్గరపడితే చాలు, మా వీధివాళ్లూ, నెల్లూరులోని మా అక్కగారి వైపు బంధువులూ, పాత విద్యార్థులూ అవే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అన్నిటికీ ఒకచోట జవాబులు రాస్తే మేలనిపించింది.

బెలుం గుహలు ఎక్కడ ఉన్నాయి?

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, బెలుం గ్రామం పక్కన. 2022లో జిల్లాలు విడిపోయేవరకు అది కర్నూలు జిల్లా, అందుకే పాత పుస్తకాలన్నీ కర్నూలు అనే రాస్తాయి. 'బిలం' అన్న మాటే వాడుకలో బెలుం అయిందంటారు.

గుహలంటే కొండెక్కాలేమో అనుకుంటారు. ఇక్కడ కొండ ఎక్కేది లేదు. చుట్టూ చదునైన నేల, పొలాలు, నాపరాళ్ల గనులు. ఆ నేలలో బావుల్లాంటి గోతులు మూడు కనిపిస్తాయి. వాటిలో ఒకదానిలోకి మెట్లు దిగితే అదే గుహ వాకిలి. దగ్గర్లో పెద్ద బుద్ధ విగ్రహం లేకపోతే, కింద కిలోమీటర్ల కొద్దీ దారులున్నాయన్న ఊహ కూడా రాకుండా దాటిపోతాం.

మనకు భైరవకోన ఉందిగా. అవీ గుహలే కదా, అంత దూరం ఎందుకు?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. భైరవకోన గొప్పదే, కానీ దాని గొప్పతనం వేరు. అక్కడి ఎనిమిది గుహలూ మనిషి ఉలి పట్టి కొండరాతిలో తొలిచిన శివాలయాలు. లోపల ఎంత చోటు ఉండాలి, స్తంభం ఎక్కడ నిలవాలి, ద్వారపాలకుడు ఎటు చూడాలి, అన్నీ శిల్పి నిర్ణయించాడు. ఉండవల్లి గుహలూ అలాంటివే. బెలుంలో ఉలి లేదు. రాతిని తొలిచింది నీరు. భైరవకోనలో మనిషి పనితనం చూస్తాం, బెలుంలో నీటి ఓపిక చూస్తాం. రెండూ చూడండి. ఒకటి చూశాం కనుక రెండోది అక్కర్లేదని మాత్రం అనుకోకండి.

మన దగ్గరా రాయికి కొదవ లేదు. ఇలాంటి గుహ ఇక్కడ ఎందుకు ఏర్పడలేదు?

మా పిల్లల్లో ఒకడు బస్సు చీమకుర్తి దాటుతుండగా అడిగిన ప్రశ్న ఇది. అంత మంచి ప్రశ్న నా ఉద్యోగంలో కొద్దిసార్లే విన్నాను.

చీమకుర్తిలో తవ్వే నల్లరాయి భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటారు, భూగర్భ శాస్త్రజ్ఞులు గాబ్రో అంటారు. మార్కాపురం పలక బంకమట్టి పొరలు ఒత్తిడికి గట్టిపడి ఏర్పడింది. వాన నీటికి ఈ రెండూ కరగవు. వేల ఏళ్లు తడిసినా పగులుతాయి, పొరలు లేస్తాయి తప్ప లోపల బోలు పడదు. సున్నపురాయి అలా కాదు. అది పులుపుకు లొంగుతుంది.

పులుపుకు లొంగడమేమిటి? గుహ అసలు ఎలా ఏర్పడింది?

దీనికి మీ వంటింట్లోనే ఆధారం ఉంది. మన ప్రాంతంలో చాలా ఇళ్లలో వంటగట్టుకు నల్లటి కడప బండ వేస్తారు. దాని మీద నిమ్మకాయ పిండి, ఆ రసం తుడవకుండా రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఎంత తోమినా ఆ మచ్చ పోదు, ఎందుకంటే అది మరక కాదు. అక్కడ రాయి సన్నని పొరంత కరిగిపోయింది. ఆ బండ సున్నపురాయే. దాన్ని నార్జి సున్నపురాయి అంటారు, కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరు మీద. బెలుం గుహలు ఏర్పడింది కూడా ఈ నార్జి సున్నపురాతిలోనే. మనం పప్పు రుబ్బుకునే గట్టూ, ఆ పాతాళపు గోడలూ ఒకే కుటుంబానివి.

ఇక నిమ్మరసం పని అక్కడ ఎవరు చేశారు? వాన నీరు. ఆకాశం నుంచి దిగేటప్పుడు గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుంటుంది. నేలలోకి ఇంకేటప్పుడు కుళ్లిన ఆకులు, వేళ్లు ఉన్న మట్టిలోంచి ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. గోళీసోడాలో నాలుకకు చురుక్కుమనిపించేది కూడా ఈ వాయువే. అలా కొద్దిపాటి పులుపెక్కిన నీరు రాతి పగుళ్లలోకి దిగి, అంచులను కరిగించుకుంటూ పోతుంది. పగులు సందవుతుంది, సందు దారి అవుతుంది, ఆ దారిలో భూగర్భ జలం ఏరులా పారి గోడలను నున్నగా తోమేస్తుంది. తరువాత నీటిమట్టం కిందికి దిగిపోతే ఆ ఏటి పడకలో ఖాళీ మిగులుతుంది. మనం నడిచేది ఆ ఖాళీలో. లోపల గోడల మీద చేతి ఎత్తున అలల చారలు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడి వరకు నీళ్లున్నాయన్నమాట.

మరి పైనుంచి వేలాడే ఆ రాతి ఊడలు?

అది కరిగించిన నీరే తిరిగి కట్టిన పని. సున్నం కలుపుకున్న నీటిబొట్టు గుహ పైకప్పుకు చేరి వేలాడుతుంది. సోడా మూత తీస్తే గ్యాసు పోయినట్టే, బొట్టులోని వాయువు గుహ గాలిలోకి పోతుంది. వాయువు పోగానే బొట్టుకు సున్నాన్ని మోసే శక్తి తగ్గి, కంటికి ఆననంత సన్నని వలయాన్ని అక్కడే వదిలి రాలిపోతుంది. దాని మీద మరో బొట్టు, మరో వలయం. పైనుంచి దిగేదాన్ని స్టాలక్టైట్ అంటారు, బొట్టు రాలిన చోట నేల నుంచి లేచేదాన్ని స్టాలగ్మైట్ అంటారు. రెండూ కలిస్తే స్తంభం.

బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున, గీజరు లోపల తెల్లటి పొలుసు పేరుకుంటుంది కదా, ఆ పొలుసూ ఇదే పదార్థం. వేగంలో మాత్రం పోలిక లేదు. గుహలో ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే మంచి పెరుగుదలే. ఆ లెక్కన ఒక అంగుళానికి రెండున్నర వందల ఏళ్లు. జానెడు ఊడ ముందు నిలబడి ఆ లెక్క పిల్లల చేత కట్టించి చూడండి. మాట్లాడడం మానేస్తారు.

ఈ గుహలను కనిపెట్టింది ఎవరు?

'కనిపెట్టడం' అన్న మాట నాకు అంతగా నచ్చదు. ఊరివాళ్లకు ఆ గోతులు ఎప్పటి నుంచో తెలుసు. అంతకుముందు బౌద్ధ, జైన సన్యాసులు లోపల నివసించిన ఆనవాళ్లు దొరికాయి. రాతపూర్వకంగా మొదట ప్రస్తావించింది రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, 1884లో. తరువాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83 ప్రాంతంలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలి దారులను కొలిచి పటం గీసింది. ఆ తరువాత రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ మట్టి తీయించి, దారులు వేసి, దీపాలు పెట్టి, 2002లో జనానికి తెరిచింది.

లోపల ఎంత దూరం ఉంటుంది? ఎంతసేపు పడుతుంది?

కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు మాత్రమే సందర్శకులకు తెరిచారు. మైదాన ప్రాంతంలోని గుహల్లో మన ఉపఖండంలో ఇదే పెద్దదని చెబుతారు. మేఘాలయ కొండల్లో ఇంతకంటే ఎంతో పొడవైనవి ఉన్నాయి. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, వాకిలి నుంచి 46 మీటర్ల కింద.

హడావుడిగా వెళ్తే ముప్పావు గంటలో తిరిగి రావచ్చు. దయచేసి అలా వెళ్లకండి. గంటన్నర పెట్టుకోండి. దీపాల వెలుగు నుంచి చూపు మళ్లించి పక్కనున్న నీడ వైపు చూస్తే, కళ్లు అలవాటు పడేకొద్దీ అసలు గుహ అప్పుడు కనిపించడం మొదలవుతుంది. ఆరేడు వందల రూపాయలు చార్జీలకే పెట్టి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, ఫోను తెర లోంచి నలభై నిమిషాలు చూసి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఊపిరి ఆడుతుందా?

ఆడుతుంది. సందర్శకులు తిరిగే దారుల్లోకి గొట్టాల ద్వారా తాజా గాలి పంపుతారు. ఆ గొట్టం దగ్గర నిలబడితే ముఖానికి చల్లగా తగులుతుంది. నేను అక్కడ ఆగి ఆగి వెళ్తాను.

కానీ ఒక విషయం ముందే తెలియాలి. గుహ అంటే చల్లగా ఉంటుందని మన మనసులో పడిపోయింది. లోతైన గుహలో ఉష్ణోగ్రత బయట ఏడాది పొడుగునా ఉండే వేడికి సగటుగా ఉంటుంది. చలిదేశాల్లో ఆ సగటు చల్లగా ఉంటుంది. రాయలసీమలో ఆ సగటే వెచ్చన. దానికి తోడు గాలి నిండా తేమ, కనుక పట్టిన చెమట ఆరదు. మే నెలలో మన ఒంగోలులో సముద్రం గాలి ఆగిపోయిన సాయంత్రం ఎలా ఉంటుందో అలాంటి ఉక్క. చొక్కా పూర్తిగా తడుస్తుంది. ఇది ప్రమాదం కాదు. ముందే తెలిస్తే కంగారు ఉండదు, తెలియకపోతే 'గాలి ఆడడం లేదు' అన్న భయం పుట్టి అడుగు ముందుకు పడదు.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడిన తరువాతే రావాలి. మందులు, పీల్చే గొట్టం జేబులో ఉండాలి, బయట కారులో కాదు. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లు మొదటి పెద్ద గది వరకు వచ్చి అక్కడి నుంచే వెనుదిరగవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మా బృందంలో ఎవరైనా వెనక్కి వెళ్తానంటే నేను కారణం అడగను. ఒక మనిషిని తోడిచ్చి పంపిస్తాను.

మా నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. తీసుకురావచ్చా?

మొదటి మెట్లు దిగి, దగ్గర్లోని విశాలమైన భాగం చూసి రావచ్చు. అక్కడ పైకప్పు ఎత్తుగా ఉంటుంది. ఆ తరువాత కొన్నిచోట్ల నడుం వంచాలి, పాతాళగంగకు మళ్లీ మెట్లు దిగాలి. దిగడం తేలికే, అదే ఉక్కలో ఎక్కి రావడం కష్టం. చక్రాల కుర్చీ సాగదు. పెద్దావిడ పట్టుబడితే ఇద్దరు మనుషులు ముందూ వెనకా ఉండి, ప్రతి మలుపులో కూర్చోబెట్టి తీసుకువెళ్లండి. మా అమ్మ డెబ్బై దాటాక ధ్యానమందిరం వరకు వచ్చింది. అక్కడ రాతి మీద చెయ్యి ఆనించబోయి, నా వంక చూసి వెనక్కి తీసుకుంది. ఎప్పుడో ఇంట్లో నేను చెప్పిన మాట గుర్తుంచుకుంది.

ఎందుకు ముట్టుకోకూడదు? రాయే కదా?

రాయే, కానీ ఇంకా పెరుగుతున్న రాయి. మన చేతికి ఎప్పుడూ కొద్దిగా నూనె, చెమట ఉంటాయి. ముట్టుకున్న చోట ఆ జిడ్డు పొరలా అంటుకుంటుంది. నీటిబొట్టు అక్కడికి వచ్చినా సున్నం అంటదు, జారిపోతుంది. అలా ఆ చోట పెరుగుదల ఆగిపోతుంది. ముట్టుకునేవాళ్లు ఒక్కరే అయితే ఫరవాలేదు. రోజూ వందల చేతులు తగిలితే ఆ భాగం నల్లబడి, నున్నబడి, చచ్చిపోతుంది. దారి పక్కన చేతికి అందే ఎత్తులో ఉన్న ఊడలనూ, అందని ఎత్తులో ఉన్నవాటినీ పోల్చి చూడండి. చెప్పకుండానే తేడా తెలుస్తుంది.

విరిచినవి కూడా ఉన్నాయి. ఒక చోట చిటికెన వేలంత ఊడ సగానికి విరిగి ఉండగా దగ్గరగా చూశాను. పైన గోధుమ రంగు, విరిగిన మొనలో మాత్రం పటికబెల్లం ముక్క విరిచినట్టు తెల్లగా, చిన్న చిన్న పలుకులతో మెరుస్తోంది. నడిమధ్యలో సూది దూరేంత రంధ్రం. నీరు దిగే దారి అది. దాని చివర ఒక బొట్టు తయారై ఉంది. నేను చూస్తున్నంతసేపూ అది రాలలేదు. ఎవరో ఇంటికి జ్ఞాపకంగా పట్టుకుపోయిన ఆ ముక్క తిరిగి కట్టడానికి ఆ బొట్టు పని మొదలుపెట్టేసింది. ఎన్ని వందల ఏళ్లు పడుతుందో ఇందాకటి లెక్కతో కట్టుకోవచ్చు.

పేర్లు చెక్కడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. మీ పక్కవాడు చెక్కుతుంటే ఊరుకోకండి, నెమ్మదిగానైనా అడ్డుపడండి.

లోపల తప్పకుండా చూడవలసినవి ఏవి?

సింహద్వారం: సహజంగా ఏర్పడిన రాతి తోరణం, సింహం తల ఆకారంలో ఉంటుంది. ధ్యానమందిరం వాకిలికి దగ్గరే. అందులో దిండుతో సహా పడకలాంటి రాయి ఉంది, మునులు పడుకునేవారని చెబుతారు. కోటిలింగాలలో శివలింగాల్లాంటి ఆకారాలు గుంపుగా ఉంటాయి, భక్తులు అక్కడ చేతులు జోడించకుండా కదలరు. ఊడలమర్రిలో స్తంభం చుట్టూ దిగిన సున్నపు ఊడలు నిజంగానే మర్రిచెట్టు కింద నిలబడినట్టు అనిపిస్తాయి. ఇంకొక గదిలో పైకప్పంతా నాగుపాము పడగలు విప్పినట్టుంటుంది.

సప్తస్వరాల గుహ దగ్గర ఒక మాట. అక్కడి ఊడలను కర్రతోనో వేలి కణుపుతోనో తడితే లోహపు గంట మోగినట్టు మోగుతాయి. లోపల బీటలు లేకుండా బిగువుగా పెరిగిన రాయి కనుక అంత శుభ్రంగా పలుకుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ తట్టాను, ఆ నాదం ఇప్పటికీ చెవిలో ఉంది. ఇప్పుడైతే తట్టను, తట్టనివ్వను. వచ్చిన ప్రతివాళ్లూ తడితే ఏదో ఒకరోజు ఆ రాయి పగిలిన కుండలా పలుకుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాతాళగంగ. అలంకారం ఏమీ ఉండదు. సన్నని నీటి ధార వచ్చి, కాసేపు కనిపించి, రాతిలోకి మాయమైపోతుంది. ఆ నీరు బెలుం ఊళ్లోని బావికి చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. గుహను చేసిన పనివాడు ఇంకా పనిలోనే ఉన్నాడని అక్కడ నిలబడితే తెలుస్తుంది.

బెలుం చూడాలా, బొర్రా చూడాలా?

రెండూ సున్నపు గుహలే కానీ స్వభావం వేరు. బొర్రా అనంతగిరి కొండల్లో, సముద్రమట్టానికి 700 మీటర్లకు పైన ఉంది. పెద్ద నోరు తెరిచినట్టున్న వాకిలి, ఎత్తైన మండపం, లోపలి దాకా పగటి వెలుగు, ఊడలూ దిబ్బలూ పుష్కలం. బెలుంలో ఊడలు తక్కువ, మలుపుల దారులు ఎక్కువ. నీరు రాతిని ఎలా తొలుచుకుంటూ పోయిందో తెలియాలంటే బెలుం. కట్టడం చూడాలంటే బొర్రా. మనకు బెలుం ఒక పగటి ప్రయాణం. బొర్రాకు విశాఖపట్నం దాటి వెళ్లాలి, అరకుతో కలిపి మూడు రోజులు పెట్టుకోవాలి.

దగ్గర్లో ఇంకేమైనా ఉందా అంటే, పల్నాడులో పిడుగురాళ్ల వైపు గుత్తికొండ బిలం ఉంది. అదీ సున్నపురాతి గుహే, ముచికుందుడు నిద్రపోయిన చోటుగా చెప్పుకుంటారు. అది పుణ్యక్షేత్రంగా వెళ్లవలసిన చోటు. బెలుంలోలా దూరం దాకా దారులూ దీపాలూ ఉంటాయని ఆశించి వెళ్లకండి.

ఒంగోలు నుంచి ఎలా వెళ్లాలి?

చీమకుర్తి, పొదిలి, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల. అక్కడి నుంచి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల. సొంత వాహనమైతే ఆరు గంటలకు తక్కువ అనుకోవద్దు. గిద్దలూరు, నంద్యాల మధ్య అడవి దారిని పగటివేళే దాటండి. మలుపులు ఎక్కువ, అడవి జంతువులు రోడ్డు దాటుతుంటాయి. బస్సులో అయితే నంద్యాల వరకు ఒక బస్సు, అక్కడి నుంచి మారడం.

మార్కాపురం, కంభం, గిద్దలూరు వాళ్లకు నంద్యాల దాకా రైలే హాయి. దిగువమెట్ట దాటాక నల్లమలలో రైలు వెళ్తుంటే కిటికీ దగ్గర చోటు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు, పోట్లాడుకోవలసినంత అందమూ ఉంది.

నెల్లూరు నుంచి?

ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, అక్కడి నుంచి కొలిమిగుండ్ల. రైలులో అయితే గూడూరు, రేణిగుంట, కడప మీదుగా తాడిపత్రి చేరి, అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. గుహలకు దగ్గరి పెద్ద రైల్వే స్టేషను తాడిపత్రే. కొలిమిగుండ్ల చుట్టుపక్కల సిమెంటు, నాపరాయి లారీలు బాగా తిరుగుతాయి, చీకట్లో ఆ రోడ్ల మీద తొందర పనికిరాదు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు. అక్టోబరు, నవంబరుల్లో మన వైపు తుపాన్లు, దారిలో వాగులు పొంగుతాయి. పెద్ద వాన పడిన మర్నాడు గుహలో కాళ్లు జారతాయి, పైనుంచి నీరు కారుతుంది, అలాంటప్పుడు వాయిదా వేసుకోండి. ఏప్రిల్, మే వద్దే వద్దు. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండలో నిలబడి, అటునుంచి లోపలి ఉక్కలోకి దిగితే పిల్లలు సొమ్మసిల్లుతారు.

వేళలు?

ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు అనుకుని బయల్దేరండి. పది గంటలకే వాకిట్లో ఉంటే గుహ ప్రశాంతంగా ఉంటుంది. పండగ సెలవుల్లో మధ్యాహ్నం పూట ఇరుకు దారుల్లో జనం నిలిచిపోతారు, అంతమంది ఊపిరితో ఉక్క ఇంకా పెరుగుతుంది. టికెట్ కిటికీ దగ్గర చిల్లర ఉంచుకోండి.

ఏం వేసుకోవాలి? ఏం తీసుకువెళ్లాలి?

పట్టు ఉన్న బూట్లు. అరిగిన హవాయి చెప్పులతో వచ్చినవాళ్లు తడి రాతి మీద పడటం నా కళ్లారా చూశాను. పలుచని నూలు బట్టలు, ఆడవాళ్లకు చీర కంటే చుడీదారు సౌకర్యం. ఒక చిన్న టార్చి, కరెంటు పోతే పనికొస్తుంది. తలా ఒక నీళ్ల సీసా. తినేవి లోపలికి వద్దు. మెతుకు పడినా చీమలూ బూజూ చేరతాయి. మరుగుదొడ్డి పని ముందే ముగించుకోవాలి, పిల్లలకు ఇది రెండుసార్లు చెప్పాలి. మారు చొక్కా బండిలో ఉంచుకుంటే తిరుగు ప్రయాణం సుఖంగా ఉంటుంది.

ఫొటోలు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, అయితే ముందు కళ్లతో చూడండి. దీపాలకు ఎదురుగా నిలబడితే ముఖం నల్లగా పడుతుంది, పక్కగా నిలబడండి. దీపాల చుట్టూ రాతి మీద పచ్చటి నాచు గమనించారా? చీకటి గుహలో నాచు బతకదు. మనం తెచ్చిన వెలుగుకే అది మొలిచింది, రాతిని అదీ కొరుకుతుంది. పై మూలల్లో గబ్బిలాలు కనిపిస్తే వాటి మీదికి ఫ్లాష్ వేయకండి. పగలు వాటికి రాత్రి.

పాములు ఉంటాయా? పైకప్పు కూలుతుందా?

దీపాలు, జనం ఉన్న దారిలో పాముల భయం పెట్టుకోనక్కర్లేదు. దారి వదిలి చీకటి సందుల్లోకి మాత్రం తొంగిచూడవద్దు, అది ఏ గుహలోనైనా నియమమే. ఇక పైకప్పు వేల ఏళ్లుగా తన బరువు తాను మోస్తూ నిలబడి ఉంది. మూసిన దారుల్లోకి వెళ్లకపోతే చాలు.

భోజనం, బస?

గుహల దగ్గరే పర్యాటక శాఖవారి హరిత హోటల్ ఉంది. సెలవుల్లో గదులు ముందే నిండుతాయి. తాడిపత్రిలో, నంద్యాలలో, బనగానపల్లెలో బస దొరుకుతుంది. మేము పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్తాం.

ఆ ప్రాంతంలో ఇంకేం చూడవచ్చు?

యాగంటి ఉమామహేశ్వరుడు, అక్కడి కోనేరు. నంది ఏటేటా పెరుగుతుందని చెప్పుకునేది అక్కడే. ఆ కొండల్లోనూ సహజ గుహలున్నాయి. బనగానపల్లె దగ్గర రవ్వలకొండలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని చెప్పే గుహ ఉంది. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం శిల్పం చూసి తీరాలి.

నెల్లూరువాళ్లకు మాత్రం నేను గండికోట చెబుతాను. అక్కడ ఎర్రటి రాతి గోడల మధ్య లోతుగా పారేది మన పెన్న. బెలుం చుట్టుపక్కల వాగులు కుందూలోనో, చిత్రావతిలోనో కలుస్తాయి. ఆ రెండూ పెన్నలో కలుస్తాయి. పెన్న సోమశిల దాటి నెల్లూరు వంతెన కిందుగా సముద్రానికి పోతుంది. ఆ సున్నపు నేల మీద కురిసిన వానలో ఒక పాలు మీ ఊరి మీదుగానే వెళ్తోంది. మా అక్క మనవడికి ఇది చెప్పాక, రంగనాయకుల గుడి వెనక పెన్న గట్టున నిలబడి, "ఈ నీళ్లలో గుహ ఉందా తాతయ్యా?" అని అడిగాడు. ఉందన్నాను. కరిగిన సున్నం రూపంలో నిజంగానే ఉంది.

బడి పిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయులకు ఏమైనా చెబుతారా?

పదిహేను మందికి ఒక పెద్దవారు ఉండాలి. దిగే ముందు లెక్క, ఎక్కాక లెక్క, పాతాళగంగ దగ్గర మరో లెక్క. లోపల ఫోనుకు సిగ్నల్ అందదు, కనుక తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చెప్పి ఉంచాలి: ఉన్నచోటే, దీపం కింద. ఒకసారి మా పిల్లవాడు ఒకడు వేరే బడి వరుసలో కలిసి ముందుకు వెళ్లిపోయాడు. పదినిమిషాలు నా గుండె నా దగ్గర లేదు. చెప్పినట్టే దీపం కింద నిలబడి, వెళ్లేవాళ్లందరితో "మా మాస్టారు వెనక వస్తున్నారు" అంటూ కనిపించాడు.

గైడుతో ముందే మాట్లాడుకుని, జనం లేని గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి, టార్చీలూ ఫోన్లూ ఆర్పించి, రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉండమనండి. మొదట గుసగుసలు, నవ్వులు. తరువాత అవి ఆగిపోతాయి. అప్పుడు ఎక్కడో దూరంగా బొట్టు రాలిన చప్పుడు వినిపిస్తుంది. మళ్లీ చాలాసేపటికి ఇంకొకటి.